తల్లికి నేరుగా చెప్పండి

నెలలు నిండక పుట్టి, ఊపిరి అందని బిడ్డను జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో, అంటే ఎస్‌ఎన్‌సీయూలో ఉంచుతారు. ఆపరేషనైన తల్లి వేరే వార్డులో ఉంటుంది. డాక్టరు మాట తండ్రికో, అమ్మమ్మకో చేరుతుంది. "పచ్చి బాలింత, తట్టుకోలేదు" అని వాళ్లు సగం దాచేస్తారు. ప్రేమతోనే దాస్తారు. కానీ ఏమీ తెలియక ఆమె ఊహించుకునే భయం ఇంకా పెద్దది. తల్లికి నేరుగా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

"సీరియస్‌గా ఉంది" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. "ఊపిరితిత్తులు ఇంకా ఎదగలేదమ్మా, అందుకే ముక్కు దగ్గర గొట్టంతో గాలి ఇస్తున్నాం, రేపు పొద్దున మళ్లీ చూసి చెబుతాం" అంటే అర్థమవుతుంది. చెప్పాక కాసేపు ఆగాలి. ఏం అర్థమైందో తల్లి నోటే చెప్పించుకోవాలి. బతుకుతాడా అని అడిగితే, తెలియనప్పుడు ఇప్పుడే చెప్పలేమనే అనాలి.

2017లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు తల్లిదండ్రులను చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని ఎస్‌ఎన్‌సీయూ లోపలికే రమ్మంటున్నాయి. బిడ్డను గుండెకు హత్తుకోవడం, పాలు పట్టడం, ప్రమాద సూచనలు గుర్తుపట్టడం అక్కడే నేర్పాలి. రోజూ బిడ్డ పక్కనే ఉండే తల్లి సందేహం అడగడానికి అంతగా జంకదు.

ఇంటికి పంపేటప్పుడు ఒక తేదీ తప్పక రాసివ్వాలి. 2 కిలోల లోపు బరువుతో గానీ, 34 వారాల లోపు గానీ పుట్టిన బిడ్డకు 4 వారాలు నిండేలోగా కంటి రెటీనా పరీక్ష జరగాలి. పైకి కళ్లు బాగానే కనిపిస్తాయి, ఆలస్యమైతే చూపు పోవచ్చు. మీ కాగితం మీద ఆ తేదీ లేకపోతే అడిగి రాయించుకోండి.