టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్ట్ క్రాన్‌లో ఎందుకు నడవలేదు?

ఈరోజు నేను చేసిన ఒక తప్పు చెప్తాను, మీరు మాత్రం చేయకండి.

మా అక్క పెళ్లి ఫొటోలు నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఉండేవి. రోజూ రాత్రి 2 గంటలకు వాటిని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయడానికి చిన్న స్క్రిప్ట్ రాశా. టెర్మినల్‌లో నడిపితే బాగానే పనిచేసింది. సుడో కొట్టి క్రాన్‌ట్యాబ్‌లో పెట్టి మర్చిపోయా. 3 నెలలకు ల్యాప్‌టాప్ పోయింది. బ్యాకప్ తెరిస్తే టెస్ట్ చేసిన రోజు ఫొటోలే ఉన్నాయి! తర్వాత వచ్చినవి ఒక్కటీ లేవు.

ఏమైందంటే, పాత్ మొదట్లో టిల్డ పెట్టా, అదే ఆ వంకర గీత. స్క్రిప్ట్ ఎవరి పేరు మీద నడుస్తుందో వాళ్ల హోమ్ ఫోల్డర్ అని దానర్థం. నేను నడిపితే అది నా ఫోల్డర్. సుడోతో పెడితే అది రూట్ క్రాన్‌ట్యాబ్, అప్పుడు హోమ్ అంటే స్లాష్ రూట్. అక్కడ నా ఫొటోలు ఎందుకుంటాయి? రోజూ ఎర్రర్ వచ్చింది, నేనే చూడలేదు.

ఇంకోటి, టిల్డను కోట్స్ లోపల పెడితే షెల్ దాన్ని అసలు మార్చదు.

కాబట్టి మూడు పనులు చేయండి. స్లాష్ హోమ్ నుంచి మొదలుపెట్టి పూర్తి పాత్ రాయండి. అవుట్‌పుట్, ఎర్రర్లు రెండూ ఒక లాగ్ ఫైల్‌లోకి పంపండి, దానికీ పూర్తి పాతే ఇవ్వండి. మర్నాడు పొద్దున్నే బ్యాకప్‌లో కొత్త ఫొటో ఒకటి తెరిచి చూడండి.

నేను ఆ మూడోది చేసుంటే చాలు. అక్క ఇప్పటికీ ఫోన్ చేసి "ఒరేయ్, నా ఫొటోలు ఏవిరా?" అంటుంది.