అడ్డేదున్నా సరే



పట్టాలందుకున్న న్యాయ విద్యార్థులారా, చట్టాల్లో మీకు తరచూ తగిలే మాట ఒకటుంది: నాట్‌విత్‌స్టాండింగ్. తెలుగు చట్టాల్లో ‘ఏమి ఉన్నప్పటికినీ’ అని రాస్తారు. అడ్డొచ్చే నిబంధన ఏదున్నా నేను చెప్పిందే చెల్లుతుందని దానర్థం. దీని వెనక లాటిన్ ‘నాన్ అబ్‌స్టాంటే’ ఉంది. 13వ శతాబ్దంలో పోపులు ఉత్తర్వుల్లో వాడితే, ఇంగ్లండు రాజు మూడో హెన్రీ అదే దారి పట్టాడు. రాజు ఆ రెండు మాటలు రాయిస్తే చాలు, తాను కోరినవాడికి చట్టం వర్తించదు. తర్వాతి కాలపు రాజు రెండో జేమ్స్ దీని వాడకంలో శ్రుతి మించాడు. ఆయన గద్దె దిగాక 1689 హక్కుల చట్టం రాజుల నుంచి ఆ అధికారాన్ని లాగేసింది. చట్టసభలకు మాత్రం ఆ మాట మిగిలింది.

మన రాజ్యాంగం 348వ అధికరణం ఈ మాటతోనే మొదలవుతుంది. పార్లమెంటు వేరే చట్టం చేసేదాకా హైకోర్టు వ్యవహారం ఇంగ్లీషులోనే. 1966లో తెలుగును అధికార భాష చేసుకున్నాం. అయినా ఏలూరు కోర్టులో తెలుగులో సాక్ష్యం చెప్పిన రైతుకు హైకోర్టు తీర్పు ఇంగ్లీషులో చేతికొస్తుంది. ఇది నన్ను బాధిస్తుంది.

కొల్లేరు సరస్సునే చూడండి. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యమన్నారు. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ హద్దులో రైతుల సొంత జిరాయితీ భూములూ ఉన్నాయి. రేపు ఏ లంక గ్రామం నుంచో ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరులో పాస్‌పుస్తకం, అడంగల్ నకలు, ఇంగ్లీషు ఆర్డరు తెచ్చి, “ఇందులో ఏం రాశారు బాబూ?” అంటాడు. పెదవి విరవకండి. ఆ ఆర్డరుకు ఆధారమైన సెక్షన్ తీయండి. ‘ఈ చట్టంలో ఏమి ఉన్నప్పటికినీ’ అన్నదా, ‘అమల్లో ఉన్న మరే చట్టంలోనైనా’ అన్నదా? మొదటిది ఇంటి గడప దాటదు, రెండోది ఊరంతా పెత్తనం చేస్తుంది. 1952లో అశ్వినీ కుమార్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా గుర్తుంచుకోండి: సెక్షన్ అసలు ఏం శాసిస్తోందో ముందు తేల్చాలి, అది స్పష్టంగా ఉంటే ఈ ‘ఉన్నప్పటికినీ’ మాట దాన్ని కుదించజాలదు. సుప్రీంకోర్టు అడ్వొకేట్లు ఏ హైకోర్టులోనైనా వాదించే హక్కు మీద వచ్చిన కేసది, మీకూ దగ్గరిదే.

అంతా చదివాక ఏ హక్కు పోయిందో, ఏది మిగిలిందో, అప్పీలుకు గడువెంతో ఆయనకు తెలుగులో చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, ఓ కాగితం మీద మీ చేత్తో రాసివ్వండి.