పొగగొట్టానికి తూకం



సూరత్ నగరంలో ఆల్థాన్ అనే పేట ఉంది. దానికి సమీపంలోనే పాండేసర పారిశ్రామికవాడ. అక్కడి అద్దకం మిల్లుల్లో ఆవిరి కోసం బాయిలర్లలో బొగ్గు, లిగ్నైట్ మండిస్తారు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలు పీల్చేదీ ఆ నగరపు గాలినే. కనుక ఈ పాఠం మనకు దూరపుదేమీ కాదు.

స్టాక్‌హోమ్‌లో 1972లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు తర్వాత మన పార్లమెంటు 1974లో జల కాలుష్య చట్టాన్ని, 1981లో వాయు కాలుష్య చట్టాన్ని చేసింది. 1984 భోపాల్ దుర్ఘటన దరిమిలా 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఈ సంవత్సరాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. అయితే ఆ చట్టాల కింద కొలిచింది దేనిని?

సూరత్ మిల్లులకు పెట్టిన హద్దు ఘనపు మీటరు పొగలో 150 మిల్లీగ్రాముల ధూళి. గంటకు 10,000 ఘనపు మీటర్ల పొగ వదిలే మిల్లు ఒకటి ఉందనుకోండి. సరిగ్గా హద్దులోనే ఉన్నా గంటకు కిలోన్నర ధూళి వస్తుంది. ఎనిమిది గంటలు నడిపితే 12 కిలోలు, రాత్రింబవళ్లు నడిపితే 36 కిలోలు. రెండూ చట్టబద్ధమే! ఇక 2024కు ముందు హద్దు మీరితే ప్రధానంగా కేసు పెట్టాల్సి వచ్చేది, లేదా మిల్లు మూయించాల్సి వచ్చేది. మూస్తే ముందు పని పోయేది కూలీలకు. అంత పెద్ద శిక్షను తరచుగా వాడడం ఏ అధికారికైనా కష్టమే.

2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి సూరత్‌లో కొత్త పద్ధతి మొదలుపెట్టింది. పొగగొట్టాల్లో నిరంతరం కొలిచే పరికరాలు అమర్చి, మిల్లులన్నీ కలిసి వదిలే ధూళి బరువుకే పరిమితి పెట్టింది. తక్కువ వదిలిన మిల్లు తన మిగులు అనుమతులను అమ్ముకోవచ్చు. ఎక్కువ వదిలినది కొనుక్కోవాలి. ధూళి కణాలకు ఇలాంటి విపణి ప్రపంచంలో ఇదే మొదటిది. 300కు పైగా మిల్లులపై జరిగిన అధ్యయనంలో, ఈ విపణిలో చేరినవాటి ధూళి 20 నుంచి 30 శాతం తగ్గినట్లు తేలింది.

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. అది చూసేది అదే బాయిలర్‌ను, కాకపోతే బొగ్గు వేసే వైపు నుంచి. ఏటా 3,000 టన్నుల చమురుకు సమానమైన శక్తిని, లేదా అంతకు మించి వాడే జౌళి మిల్లులు 2007లో దాని పరిధిలోకి వచ్చాయి. చిన్న మిల్లులు బయటే ఉండిపోయాయి.

2022 సవరణతో ఈ చట్టంలోకి కర్బన క్రెడిట్ల వ్యాపారం వచ్చింది. 2023లో ప్రకటించిన పథకంలో పరిశ్రమలకు పెట్టే లక్ష్యం మొత్తం ఉద్గారాల మీద కాదు, ఒక్కో టన్ను ఉత్పత్తికి వెలువడే ఉద్గారాల మీద. ఉత్పత్తి రెట్టింపయితే ఏమవుతుందో, ఇందాకటి 12, 36 కిలోల లెక్క పక్కన పెట్టుకుని మీరే వేసి చూడండి.