ఫుట్‌బాల్, రగ్బీ, అమెరికన్ ఫుట్‌బాల్: ఇంతకీ మొనగాడెవరు?

గూడూరు నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. డల్లాస్‌లో ఉండే మనోళ్లతో ఆటల గురించి మాట్లాడితే ఒక పంచాయితీ తప్పదు. "మీ ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలు చూస్తే ఒక్క గోలు. మా ఫుట్‌బాల్ చూడండి, ఎట్టా గుద్దుకుంటారో!" అంటారు. ఇంకొకరు అందుకోని, "హెల్మెట్లు, ప్యాడ్లు పెట్టుకోని ఆడేది ఏం మొగతనం అబ్బా? రగ్బీ చూడండి" అంటారు. సరే, ఈరోజు తేలుద్దాం.

అసలు ఈ మూడూ ఒక తల్లి పిల్లలే. 1863లో లండన్‌లో కొన్ని క్లబ్బులు కూర్చోని రూల్స్ రాసుకున్నాయి. బంతిని చేత్తో పట్టుకోని పరిగెత్తొచ్చా, ఎదుటివాడి కాళ్ల మీద తన్నొచ్చా అన్న దగ్గర గొడవొచ్చింది. వద్దన్నవాళ్ల ఆట ఫుట్‌బాల్ అయింది. కావాలన్న దారిలో పోయినవాళ్లు 1871లో రగ్బీకి యూనియన్ పెట్టుకున్నారు. ఆ రగ్బీ అమెరికా పోయి వేరే ఆటగా మారింది.

తేడా ఎక్కడుంది? రగ్బీలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అమెరికాలో ముందుకి విసరొచ్చు. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు దాటాలి. ఒక్కో ఛాన్సుకి ముందు అందరూ గుమికూడి ప్లాన్ వేసుకుంటారు, అచ్చం మా సాఫ్ట్‌వేర్ వాళ్ల స్టాండప్ మీటింగ్! గడియారంలో 60 నిమిషాల ఆట మూడు గంటలు సాగుతుంది, అందులో బంతి కదిలేది దాదాపు 11 నిమిషాలే. ఫుట్‌బాల్‌లో అయితే గడియారం ఆగదు. అందుకే ఒక్క గోలుకి అంత విలువ.

ఇక మొగతనం సంగతి. హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది గానీ, లోపల మెదడు అదరకుండా ఆపలేదు. మైక్ వెబ్‌స్టర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు 2002లో చనిపోతే, డాక్టర్ బెన్నెట్ ఒమలు ఆయన మెదడు పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బల జబ్బుని గుర్తించాడు. రగ్బీలో చూస్తే, 2003లో ఇంగ్లండ్‌కి వరల్డ్ కప్ గెలిపించిన జట్టులోని స్టీవ్ థాంప్సన్ ఆ ఫైనల్ ఆడినట్టే గుర్తులేదని 2020లో చెప్పాడు. అప్పటికి వయసు నలభై రెండే. ఫుట్‌బాల్ కూడా దీనికి అతీతం కాదు. పదేళ్లలోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని అమెరికా సాకర్ సంఘం 2015లో రూల్ పెట్టింది.

ఇదంతా మనకెందుకు అంటారా? మనకి కబడ్డీ ఉంది కదా! కూతకొచ్చినోణ్ణి నడుము పట్టి పడేసేది రగ్బీ ట్యాకిల్‌కి చిన్న తమ్ముడే. హెల్మెట్ లేదు, చాలా చోట్ల మ్యాట్ కూడా లేదు, మట్టి నేలే. పిల్లోడి తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగాయంటే, మొహాన నీళ్లు కొట్టి "ఏం కాలేదు లేరా, ఆడు" అని మళ్లీ దించుతాం. అది మాత్రం వద్దు. ఆ రోజుకి ఆట చాలు. తలనొప్పి ఎక్కువైనా, వాంతులైనా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టర్ సరే అన్నాకే మళ్లీ కోర్టులోకి పంపండి.

కాబట్టి నా తీర్పు ఇదీ: మూడింటిలో ఏది చూసినా మజానే. దెబ్బ తగిలినోణ్ణి బయట కూర్చోబెట్టే కోచ్ ఎవరో, వాడే మొనగాడు. మీ ఊరి గ్రౌండ్‌లో అట్టాంటి కోచ్ ఉంటే చెప్పండి.