66 మందిలో ఒక్కరికీ పని చేయలేదు... తర్వాత ఏమైంది? | డాక్టర్ స్టీవెన్ రోసెన్‌బర్గ్

ఈ రోజు ఒక సర్జన్ గురించి చెప్తాను.

1968. అమెరికాలో బోస్టన్ దగ్గర మాజీ సైనికుల ఆస్పత్రి. రోసెన్‌బర్గ్ అప్పటికింకా సర్జరీ ట్రైనింగ్‌లో ఉన్నాడు. గాల్‌బ్లాడర్ నొప్పితో ఒక పెద్దాయన వచ్చాడు. పాత ఫైల్ చూస్తే, 12 ఏళ్ల క్రితమే ఆయనకి కడుపులో క్యాన్సర్, లివర్‌కి కూడా పాకింది, ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. ఇప్పుడు కోసి చూస్తే గడ్డ ఆనవాలే లేదు! ఏ మందూ వాడలేదు. మరి ఎవరు తీసేశారు?

ఒంట్లో రోగనిరోధక కణాలే తినేసి ఉండాలి అని ఈయన అనుమానం. అదే పట్టుకున్నాడు. 1974లో, 33 ఏళ్లకే, అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో సర్జరీ చీఫ్ అయ్యాడు. పేషెంట్ కణాలు బయటికి తీసి, పెంచి, మళ్లీ ఎక్కించడం. ఆ కణాల్ని ఉసిగొల్పే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీన్ ఇవ్వడం. ఇలా రకరకాలుగా 66 మందికి ట్రై చేశాడు. ఒక్కరికీ తగ్గలేదు.

మన కోడ్ ఫెయిలైతే లాగ్స్ చూసి మళ్లీ రన్ చేస్తాం. అక్కడ ఫెయిల్ అంటే ఒక మనిషి పోయినట్టు. ఆ ట్రీట్‌మెంటూ తేలిక కాదు. రక్తనాళాల్లోంచి నీరు లీకై ఊపిరితిత్తుల్లో చేరుతుంది, ఐసీయూలో పెట్టాల్సి వస్తుంది. ఇంకొకరికి ఇవ్వడం కరెక్టేనా? నాకైతే ఈ కథలో అసలు కష్టమైన ప్రశ్న ఇదే.

1984లో మెలనోమా ఉన్న ఒక నేవీ ఉద్యోగినికి ఇచ్చారు. గడ్డలు కరిగిపోయాయి. 1985లో వచ్చిన పేపర్‌లో 25 మందికి 11 మందిలో గడ్డలు తగ్గాయని రాశారు. అంతే, మీడియా క్యాన్సర్‌కి మందు దొరికేసినట్టు ఊదరగొట్టింది. నిజానికి చాలామందికి అది పని చేయలేదు. కొద్దిమందికి మాత్రం పూర్తిగా పోయి, తిరిగి రాలేదు. 1992లో కిడ్నీ క్యాన్సర్‌కి, 1998లో మెలనోమాకి ఆ ప్రోటీన్‌కి అనుమతి వచ్చింది.

అన్నట్టు, "ఇమ్యూనిటీ పెంచే పొడి" అని వాట్సాప్‌లో తిరిగేవాటికీ దీనికీ సంబంధం లేదు. ఎవరైనా ఇంట్లోవాళ్లకి ఇస్తుంటే ఈ వీడియో పంపండి.

ఇక గడ్డలోపలే దాక్కున్న కణాల్ని తీసి పెంచే పద్ధతి. దాని ఫలితాలు ఆయన 1988లో ప్రచురించాడు. ఆ దారిలో వచ్చిన మందుకి అమెరికాలో అనుమతి 2024 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 83.

కార్-టీ గురించి నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను.