విమానాశ్రయం పక్క ఊరి పిల్లలకు కంప్యూటర్ ఉద్యోగాలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం 'కాలేజీ తర్వాత ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఉద్యోగం'. ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. అప్పుడే బగారన్నం వాసన వస్తోంది కాబట్టి పదిహేను నిమిషాల్లో ముగిస్తాను. నా మాటలు ముఖ్యంగా వెనక కుర్చీల్లో కూర్చున్న డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకే.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చింది. అప్పటి నుంచి మన ఇళ్లల్లో కంప్యూటర్ ఉద్యోగం అంటే హైటెక్ సిటీలో కూర్చుని ప్రోగ్రాములు రాయడం ఒక్కటే. అది రాకపోతే బతుకే లేదన్నట్టు మాట్లాడతారు. ప్రోగ్రాము రాయడం మంచి పనే. కానీ రాసిన ప్రోగ్రాము రాత్రింబవళ్లు నడవాలి, అందులో సరైన సమాచారం పడాలి, ఆగిపోతే ఎవరో ఒకరు లేపాలి. ఈ పనులన్నీ కలిపితే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. వాటిని చూడాలంటే మాదాపూర్ దాకా పోనక్కర్లేదు.

2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు మన శంషాబాద్‌కు మారాయి. ఆ విమానాశ్రయం ఐదు వేల ఎకరాలకు పైగా ఉంది. అందులో ఎవరెవరి పొలాలు కలిశాయో ఈ సభలో పెద్దలకు నాకన్నా బాగా తెలుసు. ఇవాళ మన పిల్లలు అక్కడ క్యాబులు నడుపుతున్నారు, సామాన్లు ఎక్కిస్తున్నారు, ట్రాలీలు తోస్తున్నారు. ఏ పనీ తక్కువ కాదు. కానీ ఆ సామాను ఏ బెల్టు మీదికి పోవాలో చెప్పే కంప్యూటర్ దగ్గర మన ఊరి పిల్లలు ఎందుకు తక్కువగా కనిపిస్తారన్నది నన్ను తినేసే ప్రశ్న.

మీ సూట్‌కేసుకు కట్టే ట్యాగు మీద పది అంకెలుంటాయి. అందులో మూడంకెలు ఏ విమాన సంస్థో చెబుతాయి, చివరి ఆరు ఆ పెట్టె వరుస నెంబరు. 2018 జూన్ నుంచి అంతర్జాతీయ నిబంధన ప్రకారం ప్రతి పెట్టెనూ నాలుగు చోట్ల నమోదు చేయాలి: మన చేతి నుంచి తీసుకున్నప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, మధ్యలో మరో విమానానికి మార్చినప్పుడు, తిరిగి మనకు ఇచ్చినప్పుడు. ఇంతకీ ఇది మన కిరాణా కొట్టు ఖాతా పుస్తకమే. ఎవరి దగ్గర ఏముంది, ఎప్పుడు చేతులు మారింది, అంతే.

ఇంకొకటి చెబుతాను, లెక్కల సారుకు నచ్చుతుంది. మన దగ్గర్నుంచి మందులు, టీకాలు విమానాల్లో విదేశాలకు పోతాయి కదా. ఆ సరుకుతో వెళ్లే ఎయిర్ వేబిల్ మీద విమాన సంస్థ మూడంకెల తర్వాత ఎనిమిదంకెల నెంబరుంటుంది. మొదటి ఏడంకెల సంఖ్యను ఏడుతో భాగిస్తే వచ్చే శేషమే ఎనిమిదో అంకె. 1234567ను భాగించి చూడండి, శేషం 5. కాబట్టి పూర్తి నెంబరు 12345675. ఎవరైనా టైపు చేస్తూ ఒక అంకె తప్పు కొడితే శేషం కుదరదు, కంప్యూటర్ అక్కడికక్కడే వద్దంటుంది. ఒకటి బదులు ఎనిమిది కొడితే మాత్రం దొరకదు. ఎందుకో ఆరో తరగతి పిల్లలు చెప్పగలరు. ఇంత పెద్ద వ్యాపారానికి కాపలా కాస్తున్నది మన బడిలో నేర్చుకున్న భాగహారం.

ఇక 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర పడి ఆగిపోయాయి. ఇరవై ఒక్క గళ్లున్న ఫారానికి ఇరవై గళ్లే నింపి ఇస్తే ఎలా ఉంటుందో, ఆ తప్పు అలాంటిది. ఆ రోజు శంషాబాద్‌లో ఇండిగో వాళ్లు చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ కౌంటర్లో రాస్తున్నవాళ్ల మీద గౌరవం కలిగింది.

ఆ కంప్యూటర్లు మళ్లీ లేచిన తీరు మీరు వినాలి. చాలా చోట్ల దూరం నుంచి బాగుచేసే వీల్లేకపోయింది. ఒక మనిషి ఒక్కో కంప్యూటర్ దగ్గరికి పోయి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది. డిస్కుకు తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు ఎక్కడున్నాయో రాసి పెట్టుకున్న ఆఫీసుకు పని సులువైంది. ఆ పని చేసింది పెద్ద జీతాల ఆర్కిటెక్టులు ఒక్కరే కాదు. డెస్క్‌టాప్ సపోర్ట్, సర్వీస్ డెస్క్ అని మనం 'అదేం ఉద్యోగం' అనే మెట్టు మీద ఉన్నవాళ్లు.

అందుకే అంటున్నాను, మొదటి ఉద్యోగం సర్వీస్ డెస్క్‌లో వస్తే కాదనకండి. రోజుకు ఎన్నో ఫిర్యాదులు వస్తాయి. ప్రతిదాన్నీ టికెట్‌గా రాయాలి: ఏం ఆగింది, ఎప్పుడు, ఎవరికి, ఏం చేస్తే తెరుచుకుంది. ఆర్నెల్లు అలా రాస్తే ఆ సంస్థ ఎక్కడెక్కడ కారుతోందో ఇంటి పెద్దకన్నా మీకే బాగా తెలుస్తుంది. బీకాం కంప్యూటర్స్ చదివిన అమ్మాయిలకు మరీ చెబుతున్నాను. మీకు ఇన్వాయిస్ తెలుసు, స్టాకు రిజిస్టరు తెలుసు, జీఎస్టీ తెలుసు. దానికి ఎస్‌క్యూఎల్ కలిపితే కార్గో, గోదాము లెక్కల్లో చాలామంది ఇంజినీర్లకన్నా మీ మాటే చెల్లుతుంది. రాత్రి షిఫ్టు ఉంటుంది. అమ్మానాన్నలూ, క్యాబు వస్తుందా, ఎవరు దించుతారు అని సంస్థను అడగండి, అడగాల్సిందే. కానీ అడగకముందే వద్దనకండి.

చివరిగా, పండగపూట చెప్పాలా అనిపించే మాట. డబ్బు కడితే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ పుట్టించి, వెనక తలుపు నుంచి ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలున్నాయి. అమీర్‌పేటలో శిక్షణకు పోండి, మంచి మాస్టార్లున్నారు, ఫీజు కట్టి నేర్చుకోండి. అనుభవాన్ని మాత్రం కొనకండి. ఇప్పుడు కంపెనీలు పీఎఫ్ యూఏఎన్ నెంబరు అడిగి, ఎక్కడ ఏ నెల జమ అయిందో చూసుకుంటున్నాయి. జమ లేని మూడేళ్లు మూడేళ్లని ఎవరూ నమ్మరు. దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, ఎకరం తాకట్టు పెట్టి కట్టిన డబ్బూ రాదు. అలా నలిగిన ఇళ్లు నాకు తెలుసు, పేర్లు చెప్పను.

ఫ్రెషర్ అయితే ఫ్రెషర్ అనే రాసుకోండి. కింద మీరు చేసిందేదైనా ఒకటి చూపించండి: నాన్న కొట్టు లెక్కలు పెట్టిన చిన్న డేటాబేసైనా సరే, దాంట్లో పట్టికలు ఎందుకలా పెట్టారో చెప్పగలిగితే చాలు. రెజ్యూమె ప్రింటు తెచ్చుకున్నవాళ్లు భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి గదికి రండి. ఎర్ర పెన్ను తెచ్చాను, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.