ఆర్డరు వచ్చాక మన పని

(నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంత మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేవరకొండ వైపు తండా నుంచి ఒక అక్క మా దగ్గరికి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చిన కాయితం ముందు పెట్టి, "కోర్టోళ్ళిచ్చిన కాయితం ఉన్నది గద, పైసలేవి?" అనడిగింది. నెలకు 3,000 రూపాయలు మనోవర్తి ఇవ్వాలని అందులో ఉంది. ఆర్డరు వచ్చి రెండున్నరేళ్ళయింది. భర్త ఒక్క నెల కూడా కట్టలేదు. ఆ కేసులో ఆమెను వకీలు దగ్గరికి తీసుకుపోయింది మేమే. గెలిచిన రోజు మిఠాయి కూడా పంచుకున్నాం. ఆ తర్వాత ఆమెను పలకరించినవాళ్ళం కాదు.

కట్టని మనోవర్తికి వారంటు కావాలంటే, ఆ సొమ్ము బాకీ పడిన రోజు నుంచి ఏడాదిలోపు కోర్టును అడగాలి. పాత నేర విచారణ స్మృతి 125వ సెక్షన్‌లోని ఈ నియమం, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనూ ఉంది. ఆ లెక్కన ఆమెకు మిగిలింది పన్నెండు నెలల బాకీ. తక్కిన పద్దెనిమిది నెలలకు, అంటే 54,000 రూపాయలకు, వారంటు దారి మూసుకుపోయింది. ఇందులో తప్పు ఆమెది కాదు, కోర్టుదీ కాదు. తేదీలు రాసిపెట్టుకోని మాది.

పారాలీగల్ కార్యకర్తంటే చిన్న వకీలని కొందరి భ్రమ. (మనలోనూ కొందరికి ఆ సరదా ఉంది.) వాదించడం మన పని కాదు. కాయితం సమకూర్చడం, దాన్ని కాపాడడం మన పని.

పాలమూరు వలసల సంగతి మీకు తెలుసు. మొగుడు ముంబైలోనో పూణేలోనో ఉంటే అక్కడికి పోయి కేసు వెయ్యాలేమోనని ఆడవాళ్ళు ఆగిపోతారు. తానున్న జిల్లాలోనే వెయ్యవచ్చు. ఆర్డరు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. అతను ఎక్కడుంటే అక్కడి కోర్టులో దాన్ని అమలు చేయించుకోవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి ఆదాయ సర్టిఫికెట్టు తెమ్మని తిప్పుతుంటే గట్టిగా అడగండి: 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో పని లేదు.

"నాకేముంది, కూలోణ్ణి" అని ప్రతి మొగుడూ అంటాడు. రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న ఇచ్చిన తీర్పు ప్రకారం, ఇద్దరూ తమ ఆస్తి, ఆదాయం, అప్పుల అఫిడవిట్లు దాఖలు చెయ్యాలి. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకు రావాలని కూడా అందులో ఉంది. అతను అబద్ధం రాస్తే పట్టుకోవలసింది మనమే. మూడెకరాలున్నట్టు ఊరంతటికీ తెలుసు. కోర్టుకు మాత్రం సర్వే నంబరు కావాలి, పహాణీ నకలు కావాలి. ఇవి పిటిషను రాయించక ముందే తీసిపెట్టుకోవాలి. ఏడో పేషీకి వెతుక్కుంటూ తిరిగితే ఆమె కూలి రోజులు పోతాయి.

ఇంకొక చిక్కు పేర్లతో వస్తుంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. అచ్చంపేట ఆమె పాత కార్డులో జిల్లా మహబూబ్‌నగర్, ఆధార్‌లో నాగర్‌కర్నూల్. తండా ఆడవాళ్ళ పేర్లయితే రాసేవాడి చెవికి ఎట్లా వినబడితే అట్లా ఉంటాయి. అవతలి వకీలు "ఈమె ఆమె కాదు" అనకముందే, రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ చేయించి పెట్టండి.

ఆ తండా అక్క తరఫున పన్నెండు నెలల బాకీకి పిటిషను వేయించాం. మిగతా సొమ్ము గురించి ఆమెకు ఎదురుగా కూర్చుని చెప్పవలసి వచ్చింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు ముందే ఎందుకు చెప్పలే?" అన్నది.

ఇప్పుడు మేం ప్రతి కేసుకూ ఒక పేజీ పెట్టాం. ఆర్డరు తేదీ, ఏ నెల సొమ్ము వచ్చింది, ఏ నెలది రాలేదు. బాకీ పదకొండో నెలకు వస్తే ఎర్ర గీత. మీరు తెచ్చిన ఫైళ్ళు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇక్కడే విప్పుదాం. ఆర్డరు వచ్చి మూలన పడ్డవి ముందు తియ్యండి.